మిరపలో టిష్యూకల్చర్ నారు వేస్తే ముడత రాదా?

ప్రశ్న: రెండెకరాల్లో హైబ్రిడ్ మిరప వేశాను. పది రోజులుగా ఆకులు ముడుచుకుంటున్నాయి. జెమినీ వైరస్ అన్నారు డీలరు. వారానికి రెండుసార్లు సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొట్టినా తగ్గలేదు. వచ్చే ఏడాది టిష్యూకల్చర్ (ల్యాబులో మొక్క ముక్క నుంచి పెంచిన) నారు తెప్పిస్తానని, దానికి వైరస్ రాదని చెబుతున్నారు. తోటలో ఒక్క చెట్టు మాత్రం పచ్చగా ఉంది. దాన్ని టిష్యూకల్చర్ చేయించవచ్చా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు పంపిన ఫొటోలను బట్టి ఇది జెమినీ కాదు. మొదటి ఫొటోలో ఆకు అంచులు పైకి తిరిగి పడవలా ఉన్నాయి, అడుగున వెండిలా మెరుస్తోంది. అది తామర పురుగుల పని. రెండో దాంట్లో అంచులు కిందికి ముడుచుకుని, కాడ ఎలుక తోకలా సాగింది. అది తెల్లనల్లి. నల్లి పెరగడానికి మీరు కొట్టిన మందే కారణం కావచ్చు. పైరిత్రాయిడ్లు నల్లిని తినే మిత్రపురుగులను చంపుతాయి. వాటిని వెంటనే ఆపండి.

తామర పురుగులకు లీటరు నీటికి స్పినోసాడ్ 45 ఎస్.సి. 0.3 మి.లీ. కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. వారం తర్వాత నల్లికి ప్రొపర్గైట్ 57 ఇ.సి. 2 మి.లీ. లేదా నీటిలో కరిగే గంధకం 3 గ్రా. చాలు. గంధకాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో కొట్టొద్దు, ఆకు మాడుతుంది. నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపే అలవాటు మానండి. ఆకులు చిన్నవై, ఈనెలు పసుపెక్కి, మొక్క గిడసబారితే అప్పుడు జెమినీని అనుమానించండి. ఆ మొక్కను పీకి కాల్చేయాలి. వైరస్‌కు మందు లేదు, ఎవరు అమ్మినా కొనకండి.

ఇక టిష్యూకల్చర్. అరటిలో పిలకల నుంచి మొక్కలు తీసినంత సులువుగా మిరపలో రావు. మొగ్గలు గుత్తిగా పుట్టి, సాగకుండా అక్కడే ఆగిపోతాయి. పైగా గింజతో చవగ్గా వచ్చే పంటకు అంత ఖర్చు ఎందుకు? వైరస్ లేని నారు అంటే వైరస్‌ను తట్టుకునే నారని కాదు. పొలంలో వైరస్‌ను మోసే తెల్లదోమ వాలితే అన్ని మొక్కలకూ ఒకటే గతి. డీలరు ఆ నారే కొనమని పట్టుబడితే ల్యాబు పేరు, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ధ్రువీకరణ పత్రం, బిల్లు అడగండి. మాట ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది.

మిరపలో టిష్యూకల్చర్ అసలు ఉపయోగం రకాల తయారీలో. పూరేకులు, రక్షకపత్రాలు సమానంగా ఉన్న దశలో, పుప్పొడి తిత్తి కొన ఊదా రంగుకు తిరిగే మొగ్గను కోస్తారు. ఆ తిత్తులను పోషక మాధ్యమంలో పెట్టి, సాధారణంగా తొలి 8 రోజులు 35 డిగ్రీల వేడిలో చీకట్లో ఉంచుతారు. పుప్పొడిలో ఉండేవి 12 క్రోమోజోములే. మొలిచిన మొక్కల్లో అవి వాటంతటవే రెట్టింపు కాకపోతే కొల్చిసిన్ అనే రసాయనంతో 24 చేస్తారు. ఆరేడు తరాలు స్వపరాగ సంపర్కం చేస్తే వచ్చే శుద్ధ వంశక్రమం (గింజ వేసినా గుణాలు మారని వరుస) ఇలా ఒక్క తరంలో వస్తుంది. బెంగుళూరు మిరపలో బాగానే వస్తుంది, మన కారపు రకాల్లో చాలా తక్కువ. అలా వచ్చిన ప్రతి వరుసనూ పొలంలో తెగులుకు పరీక్షించాకే రకమవుతుంది.

మీ పచ్చని చెట్టు పురుగు నుంచి తప్పించుకుందా, తట్టుకుందా అన్నది ఒక్క ఏడాదిలో తేలదు. హైబ్రిడ్ కాబట్టి దాని గింజ వేస్తే పిల్లలు రకరకాలుగా విడిపోతాయి. అయినా చూడాలనుంటే పక్క చెట్ల పుప్పొడి పడకుండా పూలు విచ్చకముందే కొమ్మకు నైలాన్ సంచి కట్టండి. లోపల కాసిన కాయల గింజ దాచి, ఒక్క సాలు వేసి గమనించండి. గుంటూరు లాంఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలకూ ఆ చెట్టును చూపించండి. వచ్చే ఏడాది నారుమడిపై 40–50 మెష్ (అంగుళానికి అన్ని రంధ్రాలున్న) నైలాన్ వల కప్పండి, పొలం చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేయండి. నారుకు పెట్టే డబ్బు వలకు పెట్టండి.