మాయ పడేదాకా ఆగకండి, జున్నుపాలు ముందే పట్టండి

ప్రశ్న: మాకు నాలుగు ముర్రా గేదెలున్నాయి. ఈ ఏడాది పుట్టిన రెండు దూడలు పది రోజుల్లోపే తెల్లగా పారుకుని చనిపోయాయి. మాయ పడ్డాకే మేం దూడను పాలకు వదులుతాం. జున్నుపాలల్లో రోగాలను ఆపే ప్రొటీన్ ఉంటుందట, నిజమేనా? ఇంకో గేదె వచ్చే నెల ఈనాలి.
– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: నిజమే, అయితే ఒకటి కాదు. ముఖ్యమైనవి ఇమ్యునోగ్లోబులిన్లు. తల్లి ఇంతకాలం తట్టుకున్న రోగాల మీద దాని ఒంట్లో తయారైన రక్షణ ప్రొటీన్లివి. మనుషుల్లో ఇవి కడుపులో ఉండగానే మాయ ద్వారా బిడ్డకు అందుతాయి. గేదెల్లో, ఆవుల్లో ఆ దారి లేదు, జున్నుపాలే దిక్కు. పుట్టిన కొత్తలో దూడ పేగు వీటిని అరిగించకుండా అలాగే రక్తంలోకి పోనిస్తుంది. గంట గంటకీ ఆ వీలు తగ్గిపోయి, 24 గంటలకు దాదాపు ఉండదు.

రెండోది లాక్టోఫెర్రిన్. పారుడు తెచ్చే ఈ-కొలై లాంటి సూక్ష్మజీవులు పెరగాలంటే ఇనుము కావాలి. లాక్టోఫెర్రిన్ ఆ ఇనుమును వాటికి దొరక్కుండా పట్టేసుకుంటుంది. మామూలు పాలల్లోనూ ఇది కొంత ఉంటుంది, జున్నుపాలల్లో చాలా ఎక్కువ.

మాయ పడటానికి ఒక్కోసారి ఏడెనిమిది గంటలు పడుతుంది. అంతసేపు దూడను కట్టేస్తే మంచి అదను పోయినట్టే. నిజానికి దూడ చీకితే తల్లి ఒంట్లో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌తో గర్భాశయం ముడుచుకుంటుంది, మాయ పడటానికి అది సాయమే. మీ దూడలు ఇందుకే పోయాయని చూడకుండా చెప్పలేను, అనుమానం మాత్రం దీనిమీదే.

ఈసారి ఈనిన గంటలోపే పొదుగు కడిగి, మొదటి రెండు ధారలు కింద పిండేసి దూడను వదలండి. 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా తాగాలి. లేవలేకపోతే పిండిన పాలు పిండినట్టే సీసాతో పట్టండి, కాచొద్దు. పొయ్యి మీద జున్ను గట్టిపడేది ఈ ప్రొటీన్లు ఉడికి గడ్డకట్టడం వల్లే, ఇక అవి దూడకు కాపు కాయవు. ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచడం నాకూ ఇష్టమైన ఆచారమే, కానీ దూడ వాటా అయ్యాకే!

బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయండి. 12 గంటలు దాటినా మాయ పడకపోతే రాయి కట్టి లాగకుండా పశువైద్యుణ్ని పిలవండి. ఇంకోటి, గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి. పారుడుకు అవీ కారణం కావచ్చు. అందుకని పదో రోజుకల్లా డాక్టర్ని అడిగి నట్టల మందు తాగించండి.