మోకాలికి రాసే జెల్‌లో కొబ్బరినూనె కలపొచ్చా?

ప్రశ్న: నా వయసు 57. మోకాళ్ల నొప్పులకు డాక్టర్ డైక్లోఫెనాక్ జెల్ రాశారు. రెండు వారాలైనా పెద్దగా గుణం కనిపించలేదు. డబ్బా మీద చూస్తే మందు ఒక శాతం చిల్లరే ఉంది. మిగతాదంతా ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ వంటి కెమికల్సే. బాగా ఇంకుతుందని కొబ్బరినూనె కలిపి మర్దన చేసి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకుంటున్నాను. పర్వాలేదా? బీపీ మాత్రలు వాడుతున్నాను.

జవాబు: ముందు ఆ కవర్, వేడినీళ్ల బ్యాగ్ తీసేయండి. అలా కప్పి కాపడం పెడితే చర్మం కమిలిపోవచ్చు, మందు రక్తంలోకి అవసరానికి మించి వెళ్లవచ్చు. మామూలుగా రాస్తే, ఇదే మందును మాత్రగా మింగినప్పటితో పోలిస్తే రక్తంలో చేరేది సుమారు 6 శాతమే. బీపీ ఉన్నవాళ్లకు ఆ తక్కువే రక్ష. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. అందుకే డాక్టర్ మీకు మాత్ర కాకుండా జెల్ రాసి ఉంటారు.

ఇక మీరు అనుమానించిన ఆ కెమికల్స్ సంగతి. చర్మం పైపొర మందం మిల్లీమీటరులో నూరో వంతు, మహా అయితే రెండు వంతులు. కాగితం కంటే పలచన, అయినా గట్టి కాపలా. మృతకణాలు ఇటుకల్లా పేర్చి, మధ్యలో కొవ్వు నింపినట్టుంటుంది. కరగని మందు దాన్ని దాటలేదు. డైక్లోఫెనాక్ నీళ్లలో సరిగా కరగదు. అందుకే దాన్ని డైఎథైలమీన్ లవణంగా మార్చి, ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్‌లలో కరిగిస్తారు. రాయగానే చల్లగా అనిపిస్తుందే, అది ఆల్కహాల్ ఆవిరవడం. ఉప్పుమడిలో నీరు ఎండేకొద్దీ ఉప్పు చిక్కబడినట్టు, చర్మం మీద మిగిలిన పొరలో మందు చిక్కబడి లోపలికి దిగుతుంది. గ్లైకాల్ పైపొరను కాస్త సడలించి దారి ఇస్తుంది.

కరిగించేది ఎక్కువైనా చిక్కే. మందు అందులోనే హాయిగా ఉండిపోతుంది, చర్మంలోకి రాదు. తయారీదార్లు వేసిన ఈ లెక్కను కొబ్బరినూనె చెడగొడుతుంది. మర్దన కావాలంటే నూనెతో వేరే పూట చేసుకోండి.

గుణం కనిపించకపోవడానికి నాకు తోచే కారణం వేరే. మీరెంత రాస్తున్నారు? ‘ట్యూబు నెల వచ్చింది డాక్టర్ గారూ’ అని మా ఓపీలో సంతోషంగా చెబుతుంటారు. శనగగింజంత రాస్తే ఎందుకు రాదు! చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. ఒక్కో మోకాలికి పూటకు కనీసం నాలుగుసార్లు అలా పిండినంత జెల్ కావాలి. రెండు మోకాళ్లకూ రోజుకు మూడుసార్లు రాస్తే 30 గ్రాముల ట్యూబు మూడు రోజులు కూడా రాదు. ఖర్చే, కాదనను.

డబ్బా మీద మిథైల్ శాలిసిలేట్ (కొన్ని నొప్పి జెల్‌లలో కలిపే మరో మందు) అని ఉండి, మీరు రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా రాయవద్దు. జెల్ రాస్తూ విడిగా నొప్పి మాత్రలూ వేసుకోకండి. దద్దురు వచ్చినా, కాళ్లు వాచినా, మలం నల్లగా వచ్చినా ఆపేసి డాక్టర్‌కు చూపించండి. మోకాలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే వెళ్లండి. సరిపడా రాసినా మరో రెండు వారాల్లో తేడా లేకపోతే మోకాలిని మళ్లీ పరీక్ష చేయించాలి.

రాశాక చేతులు కడుక్కోండి. పది నిమిషాలు బట్ట తగలనివ్వకండి, గంట దాకా తడపకండి. ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఆరేదాకా పొయ్యి దగ్గరకూ, దీపం దగ్గరకూ వెళ్లకండి.