ఒక్క గిటార్ మీద జానపదం

ప్రశ్న: జానపద పాటల్ని పాడకుండా గిటార్ మీదే వాయిస్తున్నాను. కార్డ్స్ (ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు) వేస్తే పాట తీరే మారిపోతోంది, ఏం చేయాలి?

జవాబు: ముందు కార్డ్స్ తగ్గించండి. చాలా జానపద బాణీలకు కింద ఒక శ్రుతి నిలకడగా మోగుతూ ఉంటే చాలు. బ్రిటన్‌లో గిటారిస్టు డేవీ గ్రాహం 1960ల్లో ఒకటి, రెండు, ఆరో తీగల్ని ఒక్కో టోన్ (రెండు మెట్లు) దించి, ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా డి-ఎ-డి-జి-ఎ-డి ట్యూనింగ్‌లో ఐరిష్ బాణీ వాయించింది ఇలాగే. బొటనవేలితో ఆరో తీగ మోగిస్తూ, మిగతా వేళ్ళతో పై తీగల మీద పాట పలికించండి, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట మీరూ ఆగండి (నాకు పాటలో ప్రాణం అక్కడే కనిపిస్తుంది). కవర్లకైనా, అంటే వేరేవాళ్ళ పాటల్ని మనం వాయించినా, అంతే. మాటలుండవు కాబట్టి రెండో చరణాన్ని మొదటిదానిలాగే వాయిస్తే విసుగొస్తుంది, ఒక స్థాయి (ఆక్టేవ్) కిందకి దించి చూడండి.