లైసెన్సు కోడ్‌కే, పేరుకు కాదు

ప్రశ్న: విజయవాడలో ముగ్గురు స్నేహితులం కలిసి చిన్న హోస్టింగ్ సంస్థ నడుపుతున్నాం. ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్లకు ఇన్‌స్టాల్ చేసి, నిర్వహణ చూస్తాం. ఆ సాఫ్ట్‌వేర్ పేరుకే ‘క్లౌడ్’ అని తగిలించి డొమైన్ తీసుకున్నాం. అదే మా బ్రాండ్. ఇప్పుడు ఆ ప్రాజెక్టు వాళ్ల లాయరు నోటీసు పంపారు. పదిహేను రోజుల్లో పేరు మార్చి, నష్టపరిహారం కూడా ఇవ్వాలట. కోడ్ ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సులోనే ఉంది కదా! టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: లైసెన్సులో ఉన్నమాట నిజమే. కానీ అది కాపీరైట్‌కు ఇచ్చిన అనుమతి. పేరు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది, దాని లెక్క వేరు. పక్కింటావిడ ఆవకాయ కొలతలు చెప్పింది కదా అని, మనం పెట్టిన పచ్చడి సీసాల మీద ఆవిడ పేరు అంటించి అమ్మలేం. ఓపెన్ సోర్స్‌లో బాగా వాడే అపాచీ 2.0 లైసెన్సు ఆరో క్లాజు ఈ సంగతి సూటిగానే చెబుతుంది.

అలాగని ఆ పేరు అసలు పలకకూడదని కాదు. ‘ఫలానా సాఫ్ట్‌వేర్‌కు హోస్టింగ్ ఇస్తాం’ అని నిజాయితీగా చెప్పుకోవచ్చు. 1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టం 30వ సెక్షన్ ఇలాంటి వాడకాన్ని కాపాడుతుంది. మీ ఇబ్బంది ఎక్కడంటే, వాళ్ల పేరే మీ బోర్డు అయింది. చూసేవాళ్లు మిమ్మల్ని ఆ ప్రాజెక్టు తాలూకు సంస్థే అనుకుంటారు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. ‘అమెజాన్ ఎలాస్టిక్‌సెర్చ్ సర్వీస్’ అనే పేరు మీద, ఎలాస్టిక్‌సెర్చ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే ఎలాస్టిక్ కంపెనీ 2019లో కాలిఫోర్నియాలో దావా వేసింది. అమెజాన్ 2021లో ఆ సేవను ‘ఓపెన్‌సెర్చ్’గా మార్చింది, 2022లో ఇద్దరూ రాజీపడ్డారు.

మీ స్నేహితులెవరైనా ‘డబ్ల్యూపీ ఇంజిన్ గెలిచింది కదా’ అనొచ్చు. వెబ్‌సైట్లు తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు హోస్టింగ్ ఇచ్చే కంపెనీ అది. ఆ మాట నమ్మి ధీమాగా ఉండకండి. వర్డ్‌ప్రెస్ ట్రేడ్‌మార్క్ వాడకానికి ఆదాయంలో 8 శాతం ఇవ్వాలని ఆటోమాటిక్ కంపెనీ అడగడంతో 2024లో ఆ గొడవ ముదిరింది. వర్డ్‌ప్రెస్ ప్రాజెక్టు సైటయిన వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌ను వాడకుండా అవతలి పక్షం డబ్ల్యూపీ ఇంజిన్‌ను అడ్డుకోగా, ఆ అడ్డు తీసేయమని ఆ ఏడాది డిసెంబరు 10న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది ఆ అడ్డుకోవడం మీద వచ్చిన ఉత్తర్వే గానీ, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చని చెప్పింది కాదు. పైగా వాళ్ల బ్రాండులో ఉన్నది ‘డబ్ల్యూపీ’ అనే పొట్టి మాటే. మీరు పూర్తి పేరే పెట్టుకున్నారు.

ముందు ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ సైట్‌లో ఆ పేరు వెతకండి. అక్కడ సరుకులను, సేవలను క్లాసులుగా విడదీస్తారు. సాఫ్ట్‌వేర్‌కు 9వ క్లాసు, హోస్టింగ్‌కు 42వ క్లాసు చూడండి. మన దేశంలో రిజిస్టర్ కాకపోయినా వాళ్లు ‘పాసింగ్ ఆఫ్’ దావా, అంటే మా సరుకేనని జనాన్ని నమ్మిస్తున్నారంటూ దావా, వేయొచ్చు. అయితే ఇక్కడ వాళ్లకు పేరుప్రతిష్ఠలు ఉన్నాయని రుజువు చేసుకోవాలి. టొయోటా తన కారు పేరు ‘ప్రియస్’ గురించి వేసిన కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆధారం లేని బెదిరింపుల మీద 142వ సెక్షన్ కింద మనమే దావా వేయొచ్చు గానీ, మీ డొమైన్‌లోనే వాళ్ల పేరు ఉండగా ఆ దారి తొక్కమని నేను చెప్పను.

నా మాట వింటే పేరు వదిలేయండి. గడువులోపు లాయరు ద్వారానే జవాబు పంపండి. కంగారులో ‘తప్పయిపోయింది’ అంటూ మీరే మెయిల్ కొట్టొద్దు, రేపు అదే సాక్ష్యం అవుతుంది. పేరు మార్చడానికి మూడు నెలల గడువు అడగండి, అన్నాళ్లూ పాత డొమైన్ నుంచి కొత్తదానికి దారి మళ్లించే వీలు కూడా అడగండి. కస్టమర్ల మెయిళ్లన్నీ పాత డొమైన్ మీదే ఉంటే అసలు నష్టం అక్కడే జరుగుతుంది. పేరు మారుస్తున్నందుకు బదులుగా నష్టపరిహారం అడగబోమని వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఇలాంటివి చాలావరకు ఇక్కడే తెగిపోతాయి.

కొత్త పేరును మాత్రం ముందే రిజిస్ట్రీలో వెతికి, మీ పేరున దరఖాస్తు చేయండి. చిన్న సంస్థగానో స్టార్టప్‌గానో గుర్తింపు ఉంటే ఆన్‌లైన్ ఫీజు ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు.