తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకుంటున్న మేనకోడలికి

బుజ్జమ్మా,

ఎలుకల మందు మింగిన తమ్ముణ్ణి డిశ్చార్జి కాగానే కూకట్‌పల్లిలో మీ ఫ్లాట్‌కే తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో తిరిగిన నర్సునే గానీ, రాత్రి కన్ను మూతపడలేదు.

చిన్న సంగతులు ముందు. ఆ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అందుకే డాక్టరు సరేననేదాకా బైకు వద్దు, బ్లేడుతో గడ్డం వద్దు. ఆస్పిరిన్, బ్రూఫెన్ ఇంట్లోనే ఉంచకు. జ్వరమొచ్చిందని వీధి చివర క్లినిక్‌లో సూది వేయించకు, కండలో రక్తం కారి గడ్డ కడుతుంది. మెడికల్ షాపులో స్ట్రిప్ తిప్పి చదువు: విరుగుడు మాత్ర మీద విటమిన్ కె1 అనే ఉండాలి, కె3 ఈ విషానికి పనిచేయదు. నల్లటి విరేచనం, తట్టుకోలేని తలనొప్పి, ఆగని ముక్కు రక్తం, ఏది వచ్చినా 108.

ఇక అసలు సంగతి. 2004లో మీ బాబాయికి కామెర్లని మీ అందరికీ చెప్పాం. కామెర్లు కాదు. వాడూ ఎలుకల మందే మింగాడు. నీకు రాయనా అని వాణ్ణే అడిగాను, "రాయక్కా" అన్నాడు.

ఆ మందు మీ అత్తగారు గుండె వాల్వు కోసం వేసుకునే మాత్ర జాతిదే, కాకపోతే ఒంట్లో వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. మీ బాబాయికి మూడో వారం ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష, నార్మల్ వచ్చింది. ఎవర్నీ అడక్కుండా కె1 మాత్రలు ఆపేశాను. కె1 పడుతున్నంత కాలం రిపోర్టు బాగానే కనిపిస్తుంది. డాక్టరు ఆపమన్నాక రెండు మూడు రోజులకు మళ్లీ చూస్తే గానీ నిజం తేలదు. నర్సువి, నీకు తెలియదా అంటావు. తెలుసు. ఆసుపత్రికి మళ్లీ వెళితే పోలీసు కేసు తిరగదోడతారేమోనని వణుకు. ఆ వారమే సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటూ ఎగ్గొట్టాం. "నవ్వుతున్నాడుగా, ఎందుకు కెలకడం?" అన్నది నేనే.

మాత్రలు ఆపిన ఐదో రోజు పొద్దున వాష్‌బేసిన్‌లో పేస్టు నురగ గులాబీ రంగులో ఉంది. బ్రష్షు కుచ్చు ఎర్రగా. వాడు అద్దంలోంచి నన్ను చూసి, "అక్కా, ఇది ఆగదా?" అన్నాడు. చిగుళ్ల గురించే అడిగాడని చాలా ఏళ్లు అనుకున్నాను.

నీకా పోలీసు భయం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్ష వేయకూడదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) రాశారని ఫాలో అప్ మానకు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే మీ అమ్మ మొహం మాడుస్తుంది. మాడ్చనీ. అక్కడ ఓపీ బెంచీల మీద కూర్చునేది మనలాంటివాళ్లే. అర్ధరాత్రి టెన్షన్ పెరిగితే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బేం తీసుకోరు.

మీ అత్తగారి మాత్రలు బీరువాలో పెట్టి తాళం నీ దగ్గరుంచుకో. తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడు, ఫరవాలేదు. వాడి మాత్రలూ ఏ రోజువి ఆ రోజే చేతికివ్వు. "మళ్లీ చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే తిట్టకు, ఒంటరిగా వదలకు, ఆ రోజే డాక్టరు దగ్గరికి. నేను మీ బాబాయిని ఒక్కసారీ అడగలేదు. బాత్రూం తలుపు మాత్రం పావుగంటకోసారి దబదబా బాదేదాన్ని. నువ్వలా బాదకు తల్లీ. "టీ చల్లారిపోతోందిరా" అను. జవాబు వస్తే చాలు.

ఆదివారం బాబాయి మీ ఇంటికొస్తానంటున్నాడు. వాళ్లిద్దర్నీ బాల్కనీలో వదిలేసి నువ్వు కాసేపు పడుకో. బుధవారం రక్తపరీక్షకి ఆఫీసుకు సెలవు పెట్టకు, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి నేనే వస్తాను. పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి ఉంచు.

మీ అత్త