ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లిని పెంచుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. వీధిలో గాయాలతో దొరికిన మూడేళ్ల గండుపిల్లిని దత్తత తీసుకుందామనుకుంటున్నాం. రక్తపరీక్షలో ఎఫ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది. అది ‘పిల్లుల ఎయిడ్స్’ అని ఇంట్లో భయపడుతున్నారు. మాకు ఆరేళ్ల బాబు, ఐదేళ్ల ఆడ పిల్లి ఉన్నారు. తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు. 1986లో కాలిఫోర్నియాలో బయటపడ్డ ఈ వైరస్ హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమే. అందుకే ఆ పేరు పడింది. అయితే ఇది మనుషులకు సోకదు, కుక్కలకూ సోకదు. మీ బాబు కోసమైతే రేబిస్ టీకా మరవకండి. పిల్లికి వేయించాకే ఇంటికి తెండి. టీకా వేసిన పిల్లే కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు ఆలోచించాల్సింది మీ ఆడ పిల్లి గురించి. ఎఫ్‌ఐవీ ప్రధానంగా లోతైన కాట్ల వల్ల, లాలాజలం కండలోకి దిగి సోకుతుంది. గండుపిల్లుల్లో ఎక్కువగా కనిపించేది అందుకే. ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా సోకే అవకాశం చాలా తక్కువ. కాబట్టి అవి కొట్లాడకుండా ఉంటాయా అన్నదే చూసుకోవాలి. తెచ్చే ముందే దానికి వృషణాలు తీసే ఆపరేషన్ చేయించండి. కొట్లాడే గుణం తగ్గడానికి ఆ తర్వాత కూడా కొన్ని వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు విడి గదిలో ఉంచండి. ఒకదాని పడక గుడ్డ రెండోదాని దగ్గర వేస్తూ వాసన అలవాటు చేయండి. మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టండి. బుసలు తగ్గాకే మీ కళ్లెదుట ఐదేసి నిమిషాలు కలపండి. రెండు పిల్లులకు మూడు లిట్టర్ ట్రేలు (మలమూత్రాల కోసం ఇసుక పోసి పెట్టేవి) ఉండాలి. నెలలు గడిచినా కరుచుకుంటుంటే, వేరే పిల్లి లేని ఇల్లు చూడటమే రెండింటికీ మేలు.

రిపోర్టులో ‘ఎఫ్‌ఈఎల్‌వీ’ ఫలితం కూడా చూడండి. అది పిల్లుల లుకేమియా వైరస్. గిన్నెలు పంచుకున్నా, నాకినా అంటుతుంది కాబట్టి ఇలాంటి ఇంట్లో దానికే ఎక్కువ భయపడాలి. మామూలు కిట్ రెండూ ఒకేసారి చెబుతుంది. కిట్ చూసేది ఎఫ్‌ఐవీని కాదు, దానిపై ఒంట్లో పుట్టే యాంటీబాడీలనే. అందుకే పాజిటివ్‌ను వేరే కంపెనీ కిట్‌తోనో పీసీఆర్‌తోనో మరోసారి నిర్ధారించుకోండి. మీ ఆడ పిల్లికీ పరీక్ష చేయించండి. చాలామంది వదిలేసేది ఇదే. (ఆరు నెలల లోపు కూనలకు తల్లి యాంటీబాడీల వల్లే పాజిటివ్ రావచ్చు. ఆరు నెలలు దాటాక మళ్లీ చూడాలి.)

ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లులను ఎక్కువగా బాధించేది నోరు. చిగుళ్లు ఎర్రగా వాచి, చొంగ కారి, నోటి వాసన వస్తుంది. గిన్నె దాకా వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్తుంటే అది ఆకలి లేక కాదు, నొప్పికి. వారానికోసారి పెదవి ఎత్తి చూడండి. వాపు ముదిరితే దవడ పళ్లన్నీ పీకించడమే చాలా పిల్లులకు ఊరటనిస్తుంది. వినడానికి కఠినమే గానీ, పళ్లు లేకపోయినా అవి చక్కగా తింటాయి.

పచ్చి చేప, పచ్చి మాంసం, పచ్చి గుడ్డు వద్దు. వాటిలోని సాల్మొనెల్లా, టాక్సోప్లాస్మా క్రిములు రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లిని పడగొడతాయి. పాలన్నం, పెరుగన్నంతో సరిపెట్టొద్దు. పిల్లికి మాంసాహారమే ఆహారం. ఉడికించిన చికెన్ ఇష్టంగా తింటుంది గానీ, రోజువారీ తిండిగా పిల్లుల కోసం తయారైన సమతుల ఆహారమే పెట్టండి. బయటికి వదలకండి. బాల్కనీకి వల కట్టించండి.

చర్మానికి రింగ్‌వార్మ్ (తామర) వస్తే గ్రిసియోఫుల్విన్ అనే మందు వాడకూడదు. ఆ మందు ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఏ డాక్టరు దగ్గరకెళ్లినా ఎఫ్‌ఐవీ సంగతి ముందే చెప్పండి. పారాసెటమాల్ అయితే ఏ పిల్లికైనా ప్రాణాంతకమే.

జాగ్రత్తగా చూసుకుంటే చాలా పిల్లులు ఏళ్ల తరబడి, మామూలు పిల్లుల్లాగే బతుకుతాయి. ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించి, ఏడాదికోసారి రక్త, మూత్ర పరీక్షలు చేయించండి. నెలకోసారి మీరే తూకం వేయండి. ముందు మీరు ఒక్కరే, తర్వాత పిల్లిని ఎత్తుకుని తూగితే తేడా తెలిసిపోతుంది. గ్రాముల్లో చూపే యంత్రమైతే ఇంకా నయం. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గినా, జ్వరం 103 డిగ్రీలు దాటినా, ఒక రోజంతా ఏమీ తినకపోయినా మర్నాటి దాకా ఆగకండి.