పీ విలువ దేని గురించి చెబుతుంది?

ప్రశ్న: పరికల్పన పరీక్షలో నాకు పీ విలువ 0.03 వచ్చింది. శూన్య పరికల్పన, అంటే అసలు తేడా ఏమీ లేదనే ఊహ, నిజమయ్యే అవకాశం 3 శాతమేనని రాశాను. మా అధ్యాపకురాలు కొట్టివేశారు. తప్పేమిటి?

జవాబు: ఆవిడ కొట్టివేయడం న్యాయమే. ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, ఈ వాక్యం దగ్గర తడబడని తరగతిని చూడలేదు. దిగులు పడకండి.

నాణెం 100 సార్లు ఎగరేస్తే 60 సార్లు బొమ్మ పడిందనుకుందాం. నాణెంలో మోసం లేదన్నది శూన్య పరికల్పన. అది నిజమైతే బొమ్మల సగటు 50, ఆ సగటు నుంచి ఫలితాలు ఎంత చెదురుతాయో చెప్పే ప్రామాణిక విచలనం 5. గంట ఆకారపు సామాన్య వక్రం మీద 60 అంటే సగటుకు రెండు విచలనాల దూరం. ఇరువైపులా అంత దూరమో, ఇంకా ఎక్కువో పడే సంభావ్యత సుమారు 0.046. ఇదే పీ విలువ. మోసం లేదని ముందే ఒప్పుకుని కట్టిన లెక్క ఇది. ఆ ఒప్పుకున్న మాటే నిజమో కాదో ఇదే లెక్క ఎలా తేలుస్తుంది?

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. వక్రాన్ని వదిలి ద్విపద విభాజనంతో, అంటే ఎన్ని బొమ్మలు పడితే ఎంత సంభావ్యతో ఒక్కొక్కటిగా కూడి, నేరుగా లెక్కిస్తే 0.057 వస్తుంది. శూన్య పరికల్పనను తోసిపుచ్చడానికి మామూలుగా గీసే 0.05 గీతకు ఒకటి ఇవతల, ఒకటి అవతల! బొమ్మల లెక్క మెట్లుమెట్లుగా పెరుగుతుంది, వక్రం నున్నగా సాగుతుంది. 60కి బదులు 59.5 నుంచి కొలవండి, వక్రమూ 0.057 చూపుతుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: “శూన్య పరికల్పన నిజమైతే ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా కనిపించే సంభావ్యత 0.03.”